ఆల్జీబ్రాకి ఒక గది ఇవ్వండి: అమెరికాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు నమస్కారం.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. వారాంతాల్లో పిల్లలకి తెలుగు తరగతులు జరిగే బిల్డింగుల్లోనే, అదే సమయానికి, పెద్దవాళ్ళు ఆల్జీబ్రా నేర్చుకోవడానికి ఒక గది ఇప్పించండి. చెప్పడానికి మేం కొందరం సిద్ధంగా ఉన్నాం. నేర్చుకోవాల్సినవాళ్ళు ఆ బిల్డింగు బయటే కార్లలో కూర్చుని, ఫోన్లు చూసుకుంటూ పిల్లల క్లాసు అయ్యేదాకా ఎదురుచూస్తుంటారు. ఇంత చిన్న విషయానికి బహిరంగ లేఖ దేనికి అనిపించొచ్చు. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీల్లో, అంటే రెండేళ్ళ ప్రభుత్వ కాలేజీల్లో, లెక్కల క్లాసుల గురించిన చట్టం మారింది. మనవాళ్ళలో చాలామంది మళ్ళీ చదువులోకి రావడానికి వాడుకున్న దారి దాంతో మూసుకుపోతోంది. దీని గురించి మన సంఘాల సమావేశాల్లో ఎవరైనా మాట్లాడగా నేను వినలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నేను బే ఏరియాలో ఒక కమ్యూనిటీ కాలేజీ మ్యాథ్స్ ల్యాబ్‌లో ట్యూటర్‌గా పనిచేస్తున్నాను. మాది పల్నాడు ప్రాంతం. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఇంటర్లో సీఈసీ, ఆ తర్వాత బీఏ. అంటే పదో తరగతి పరీక్ష రాసి బయటికొచ్చిన రోజునే లెక్కలకి దణ్ణం పెట్టేశాను. పెళ్ళయ్యాక హెచ్4 మీద, అంటే భర్త వర్క్ వీసాని బట్టి భార్యకి ఇచ్చే వీసా మీద, ఇక్కడికి వచ్చాను. పిల్లలు స్కూలుకి వెళ్ళడం మొదలుపెట్టాక కమ్యూనిటీ కాలేజీలో చేరాను. నేను తీసుకున్న మొదటి మ్యాథ్స్ కోర్సు ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా.

పేరు చూసి మన ఇంటర్ అనుకోవద్దు. ఇక్కడి హైస్కూళ్ళలో ఆల్జీబ్రా 2 అని చెప్పేదాన్నే కమ్యూనిటీ కాలేజీలో ఒక్క సెమిస్టర్‌లో చెబుతారు. బహుపదులు, కారణాంకాలు, భిన్నాలున్న సమీకరణాలు, కరణులు, వర్గ సమీకరణాలు, ప్రమేయాలు, సంవర్గమానాలు. మన లెక్కన తొమ్మిది, పది తరగతులు, పైన కాస్త ఇంటర్ మొదటి సంవత్సరం. ఆ యూనిట్లు, అంటే క్రెడిట్లు, యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వవు. అప్పట్లో ఇక్కడి రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీకి మాత్రం సరిపోయేవి. కాగితం మీద చూస్తే అంతంతమాత్రం కోర్సే. కానీ ఏళ్ళ తరబడి లెక్కల పుస్తకం ముట్టని మనిషికి, మైనస్ గుర్తుల దగ్గర్నుంచి లాగరిథమ్‌ల దాకా తీరిగ్గా మళ్ళీ నడవడానికి ఆ కోర్సు ఒక సెమిస్టర్ మొత్తం ఇచ్చింది. ఆ తర్వాత నేను స్టాటిస్టిక్స్ తీసుకున్నప్పుడు నా బుర్రంతా స్టాటిస్టిక్స్ మీదే పెట్టగలిగాను. కింది లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కునే పని లేకపోయింది.

ఇప్పుడు చట్టం సంగతి. కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ చట్టం చెడ్డదని నేను అనడం లేదు.

2009 నుంచి కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో అసోసియేట్ డిగ్రీ రావాలంటే కనీసం ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా పాసవ్వాలని నిబంధన పెట్టారు. అంతకు ముందు ఎలిమెంటరీ ఆల్జీబ్రా చాలు. దానికి తోడు కాలేజీలో చేరగానే ప్లేస్‌మెంట్ టెస్ట్ ఒకటి ఉండేది. అందులో మార్కులు తగ్గితే అంకగణితం, ఆ పైన ప్రీఆల్జీబ్రా, ఆ పైన ఎలిమెంటరీ, ఆ తర్వాత ఇంటర్మీడియట్. ఇవన్నీ దాటితేగానీ డిగ్రీకి పనికొచ్చే లెక్కల క్లాసులో కూర్చోనిచ్చేవారు కాదు. ఒక్కో మెట్టుకీ ఒక సెమిస్టర్. మధ్యలో ఉద్యోగం వేళలు మారేవి, ఇంట్లో ఎవరికో బాగుండేది కాదు, డబ్బులు అయిపోయేవి. చాలామంది ఆ మెట్ల మీదే ఆగిపోయారు. పాసవ్వగలిగినవాళ్ళు కూడా.

2017లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకం చేసిన ఏబీ 705 చట్టం వచ్చింది దీని కోసమే. ఆ చట్టం పీఠికలోనే కొన్ని అంకెలు రాశారు. కాలేజీలు తమ విద్యార్థుల్లో 75 శాతానికి పైగా మందిని సిద్ధంగా లేరని తేల్చి ఆ కింది మెట్ల క్లాసులకి, అంటే రెమెడియల్ క్లాసులకి పంపుతున్నాయట. అలా వెళ్ళినవాళ్ళలో ఆరేళ్ళలో డిగ్రీగానీ సర్టిఫికెట్‌గానీ ట్రాన్స్‌ఫర్‌గానీ సాధించినవాళ్ళు 40 శాతమే. నేరుగా ట్రాన్స్‌ఫర్ స్థాయి కోర్సులో, అంటే యూనివర్సిటీలో చెల్లే కోర్సులో చేరినవాళ్ళలో అదే 70 శాతం. ఆ ఏడాదే రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీలన్నిటికీ అప్పటి చాన్స్‌లర్ ఎలోయ్ ఓర్టిజ్ ఓక్లీ, సైన్స్, ఇంజనీరింగ్ వైపు వెళ్ళని విద్యార్థులకి ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా తప్పనిసరి అనే నిబంధన తీసేయాలని బాహాటంగా చెప్పారు. ఒక్క పరీక్ష చూసి మనిషిని నాలుగు మెట్లు కిందికి తోసేయడం అన్యాయం. ఆ అన్యాయం ఎక్కువగా జరిగింది నల్లజాతి, లాటినో పిల్లలకి. పాత పద్ధతి మళ్ళీ తెమ్మని నేను ఎప్పటికీ అడగను.

తర్వాత 2022లో ఏబీ 1705 వచ్చింది. ఇది ఇంకా గట్టిది. ట్రాన్స్‌ఫర్ స్థాయి కంటే కింది క్లాసులో ఎవరినైనా వేయాలంటే, పై క్లాసులో ఆ విద్యార్థి నెగ్గుకురావడం చాలా కష్టమనీ, కింది క్లాసు వల్ల వాళ్ళకి నిజంగా మేలు జరుగుతుందనీ కాలేజీ చూపించుకోవాలి. 2023 జులై నుంచి ఇది అమల్లో ఉంది. దాంతో చాలా కాలేజీలు ఇంటర్మీడియట్ ఆల్జీబ్రాని బాగా తగ్గించేశాయి, కొన్ని మొత్తానికే తీసేశాయి. దాని బదులు, పై స్థాయి కోర్సులైన స్టాటిస్టిక్స్‌లోనో కాలేజ్ ఆల్జీబ్రాలోనో నేరుగా చేర్చి, పక్కన ఒక సపోర్ట్ క్లాసు జతచేస్తారు. కోరిక్విజిట్ అంటారు దాన్ని. సైన్స్, ఇంజనీరింగ్ వైపు వెళ్ళేవాళ్ళ విషయంలోనైతే 2025 నుంచి కాల్కులస్‌తోనే మొదలుపెట్టించే వైపు వ్యవస్థ మొత్తం కదిలింది.

నిన్నమొన్న ఇక్కడే హైస్కూలు పూర్తిచేసిన 18 ఏళ్ళ కుర్రాడికి ఇది బాగానే ఉంటుంది. రెండేళ్ళ కిందట చదివిన ఆల్జీబ్రా 2 వాడి చేతిలో ఇంకా ఉంటుంది. మరచిపోయిన ముక్క సపోర్ట్ క్లాసులో గుర్తుచేస్తే చాలు. చట్టం రాసినవాళ్ళ మనసులో ఉన్నది ఆ కుర్రాడే. ప్లేస్‌మెంట్‌కి ఆధారం హైస్కూల్లో తీసుకున్న కోర్సులు, గ్రేడ్లు, జీపీఏ అని చట్టంలోనే ఉంది.

మన దగ్గర ఏముంది? 600కి ఎన్ని మార్కులొచ్చాయో చెప్పే పదో తరగతి మార్కుల జాబితా ఒకటి, ఇంటర్ మెమో ఒకటి. అవి ఇక్కడి కోర్సుల్లో దేనికి సమానమో కౌంటర్ దగ్గర ఉన్నవాళ్ళకి తెలియదు. ఆ వివరాలు లేనివాళ్ళకి సొంతంగా చెప్పుకునే వీలు చట్టంలో ఉంది. కొన్ని ప్రశ్నలకి జవాబులిచ్చి, ఎక్కడ సరిపోతామో మనమే చూసుకోవచ్చు. వినడానికి బాగుంది. కానీ అలా చూసుకున్నాక, కింది క్లాసు కావాలనుకుంటే ఆ క్లాసే లేదు. చట్టంలో మినహాయింపులు లేకపోలేదు. హైస్కూలు పూర్తిచేయనివాళ్ళకి ఒక మినహాయింపు ఉంది. మనవాళ్ళు ఇంటర్ దాటి డిగ్రీ కూడా చేసి వచ్చారు కాబట్టి అది వర్తించదు. కాగితం మీద మనం ఎక్కువ చదువుకున్నవాళ్ళం. అందులో లెక్కలు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ అడగరు.

నాకు తెలిసిన ఒక అక్క ఒక కాలేజీలో కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళి, నాకు మొదటినుంచి చెప్పే ఆల్జీబ్రా క్లాసు కావాలని నోరు విప్పి అడిగింది. మీరు గ్రాడ్యుయేట్ కదా, మీకు అది అక్కర్లేదు, మిమ్మల్ని మీరు తక్కువ అంచనా వేసుకోకండి అని ఎంతో మర్యాదగా చెప్పి పంపించారు. ఆవిడ బయటికొచ్చి నాకు ఫోన్ చేసి, బాగా మాట్లాడారు గానీ పని కాలేదు అంది. బలవంతంగా కింది క్లాసులో కూర్చోబెట్టడం వేరు. కావాలని వచ్చి అడిగినవాళ్ళకి లేదనడం వేరు. మొదటిదాన్ని ఆపడానికి పుట్టిన చట్టం రెండోదానికి కూడా తాళం వేసేసింది.

ల్యాబ్‌లో నేను రోజూ చూసేదేమిటో ఒక్క ఉదాహరణతో చెబుతాను. అకౌంటింగ్ చదవాలని వచ్చిన ఒకావిడ, ఇండియన్ స్టోర్లో బిల్లింగ్ దగ్గర పనిచేస్తారు. కాలేజ్ ఆల్జీబ్రాలో వేశారు, సపోర్ట్ క్లాసుతో కలిపి. ఒకరోజు నా ముందు పెట్టిన లెక్క ఇది: ఒక పడవ ఏటికి ఎదురుగా 24 మైళ్ళు వెళ్ళి, మళ్ళీ బయల్దేరిన చోటికే వచ్చింది. మొత్తం 5 గంటలు పట్టింది. ఏటి ప్రవాహం గంటకి 2 మైళ్ళు. నిశ్చల నీటిలో పడవ వేగం ఎంత?

ఇంగ్లీషులో ఆ నాలుగు వాక్యాలూ మళ్ళీ మళ్ళీ చదివారట. పేజీ ఖాళీగా ఉంది. నేను కాగితం మీద ఒక ఏరు గీసి, తెలుగులో అడిగాను. ఎదురు వెళ్ళేటప్పుడు వేగం ఏమవుతుంది? తగ్గుతుంది, 2 తీసేయాలి అన్నారు. వాలులో వచ్చేటప్పుడు? 2 కలపాలి. కాలం ఎలా వస్తుంది? దూరాన్ని వేగంతో భాగించాలి. అంతే, పెన్ను తీసుకుని ఆవిడే రాసేశారు. 24ని ఎక్స్ మైనస్ 2తో భాగిస్తే ఒక కాలం, ఎక్స్ ప్లస్ 2తో భాగిస్తే ఇంకొకటి, రెండూ కలిపితే 5. కసాగు తీసి సర్దితే 5 ఎక్స్ స్క్వేర్ మైనస్ 48 ఎక్స్ మైనస్ 20 సమానం సున్నా వచ్చింది. మధ్య పదాన్ని మైనస్ 50 ఎక్స్, ప్లస్ 2 ఎక్స్‌గా విడగొట్టారు. నేను చెప్పలేదు. చెయ్యి దానంతట అదే చేసినట్టు చేశారు. జవాబులు రెండు: 10, మైనస్ రెండు బై అయిదు. వేగం రుణాత్మకం కాదు కదా అని రెండోదాన్ని ఆవిడే కొట్టేశారు.

దీన్ని లెక్కలు రాకపోవడం అంటామా? జిల్లా పరిషత్ స్కూల్లో ఏ మాస్టారు నేర్పారో గానీ, ఇరవై ఏళ్ళ తర్వాత కూడా చెక్కుచెదరలేదు. కాకపోతే పైకి రావడానికి కాసేపు పట్టింది. ఆ కాసేపు ఇప్పుడున్న పద్ధతిలో దొరకదు. భిన్నాల సమీకరణాలు, కరణులు, వర్గ సమీకరణాలు అన్నీ కలిపి సపోర్ట్ క్లాసులో గబగబా తిరగేసి, అదే వారంలో ప్రమేయాల గ్రాఫుల్లోకి వెళ్ళిపోతారు. దానిపైన ఇంగ్లీషు. కారణాంకాలు, ఘాతాంకాలు, విచక్షణి అంటే టక్కున చెప్పే మనిషి, ఇక్కడి పేర్లు వినగానే ఇదేదో కొత్త పాఠం అనుకుని బెదిరిపోతుంది. ఒక్క పేజీలో రెండు భాషల మాటలూ పక్కపక్కన రాసిస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది. తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాల్లో ఆ మాటలన్నీ ఉన్నాయి. ఆ పేజీ నేను ఇప్పటికే తయారు చేశాను. ఏ సంఘం అడిగినా పంపిస్తాను.

ఇంకా చిన్న చిన్న చిక్కులు బోలెడు. హోంవర్క్ అంతా కంప్యూటర్లోనే. జవాబు సరైనదే అయినా బ్రాకెట్ సరిగ్గా పెట్టకపోతే ఎర్ర గుర్తు వస్తుంది. లెక్క తప్పిందేమో అనుకుని మనవాళ్ళు మొదటినుంచి మళ్ళీ చేస్తారు. పరీక్షలో జవాబు ఒక్కటే రాస్తే మార్కులు రావు, ప్రతి అడుగూ చూపించాలి. ఇందులో మాత్రం తెలుగు మీడియం వాళ్ళకి తిరుగులేదు. దత్తాంశం, సారాంశం, సాధన అని వరుసగా రాసే అలవాటు మనకి స్కూల్లోనే వచ్చింది. ప్రొఫెసర్లకి ఆఫీస్ అవర్స్ అని ఉంటాయి, వెళ్ళి ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు, వాళ్ళు సంతోషిస్తారు. మనవాళ్ళు వెళ్ళరు. సార్‌ని ప్రశ్న అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం.

ఈ చదువుకి వచ్చే మనవాళ్ళు ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు, మీ సభ్యుల ఇళ్ళలోనే ఉన్నారు. హెచ్4 మీద వచ్చి, 2015 నిబంధన ప్రకారం వర్క్ పర్మిట్ దొరికాక ఏం ఉద్యోగం చేయాలో తెలియక ఆగిపోయినవాళ్ళు. అన్నో అక్కో స్పాన్సర్ చేస్తే ఎన్నో ఏళ్ళు ఎదురుచూసి నడివయసులో దిగి, గ్యాస్ స్టేషన్లలో, మోటెళ్ళలో, డేకేర్లలో పనిచేస్తున్నవాళ్ళు. వాళ్ళతో పాటు వచ్చిన బైపీసీ, సీఈసీ పిల్లలు. ఫ్రీమాంట్‌లో ఓలోనీ, కూపర్టినోలో డి ఆంజా, శాంటాక్లారాలో మిషన్, లివర్‌మోర్‌లో లాస్ పొసిటాస్, ఏ క్యాంపస్‌కి వెళ్ళినా సాయంత్రం క్లాసుల్లో తెలుగు వినిపిస్తుంది. నర్సింగ్, డెంటల్ హైజీన్, రేడియాలజీ, అకౌంటింగ్, వీటిలో దేని వైపు వెళ్ళినా ఎక్కడో ఒకచోట ఆల్జీబ్రా ఎదురవుతుంది. నర్సింగ్‌నే చూడండి. ముందు ఫిజియాలజీ కావాలి, చాలాచోట్ల దానికి కెమిస్ట్రీ కావాలి, ఆ కెమిస్ట్రీ క్లాసులో మొదటి వారం నుంచే ఘాతాంకాలు, నిష్పత్తులు. అందులో సీ గ్రేడ్ వస్తే పాసైనట్టే గానీ, నర్సింగ్ సీటు పోటీలో ఆ గ్రేడ్ వెంటాడుతూనే ఉంటుంది.

ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. కాలిఫోర్నియా నివాసులకి యూనిట్‌కి 46 డాలర్లు. ఏడాదికి పైగా ఇక్కడే స్థిరంగా ఉంటున్నట్టు చూపించగలిగితే హెచ్4 మీద ఉన్నవాళ్ళకీ అదే ఫీజు. అయిదు యూనిట్ల కోర్సంటే 230 డాలర్లు. 116 కాలేజీలు, 18 ఏళ్ళు నిండిన ఎవరికైనా ప్రవేశం. ప్రపంచంలో ఎక్కడా మనలాంటి వాళ్ళకి రెండో అవకాశం ఇంత చవగ్గా దొరుకుతుందని నేను అనుకోను. అందుకే అందులో ఒక మెట్టు తగ్గితే నాకు ఇంత బాధ.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సింది. ఒక పాట్‌లక్‌లో నేను ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా చదువుతున్నానని చెబితే, మా వాడు అది ఏడో క్లాసులో చేసేశాడు అన్నారు ఒకరు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. చెడు ఉద్దేశంతో అన్న మాట కాకపోవచ్చు. కానీ ఆ నవ్వు ఎంతమందిని ఆపేసిందో ల్యాబ్‌లో కూర్చుంటే తెలుస్తుంది. ఆన్‌లైన్ సెక్షన్ దొరికితేనే చేరతామనేవాళ్ళు, క్యాంపస్‌లో తెలిసినవాళ్ళు కనిపిస్తే పక్కకి తప్పుకునేవాళ్ళు, మా ఆయన ఫ్రెండ్స్‌కి చెప్పకండి అని అడిగేవాళ్ళు నాకు ఎదురయ్యారు. కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకేదీ చదువు కాదనీ, కమ్యూనిటీ కాలేజీ అంటే మార్కులు రానివాళ్ళు వెళ్ళేదనీ మన ఇళ్ళలో పాతుకుపోయింది. అదే కమ్యూనిటీ కాలేజీకి మన పిల్లలు హైస్కూల్లో ఉండగానే డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ కింద వెళితే గొప్పగా చెప్పుకుంటాం. తల్లి వెళితే మాత్రం ఎవరికీ చెప్పం.

ఇంట్లో ఇంజనీర్ ఉన్నాడుగా, ఆయన్నే అడగొచ్చుగా అని కూడా అంటారు. అడిగారు. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన మనిషి రెండు నిమిషాలు చూసి, ఇది కూడా రాదా అంటాడు. ఆ తర్వాత ఆవిడ ఇంకెప్పుడూ పుస్తకం ఆయన ముందు తెరవదు. ఎంపీసీ చదివి, ఎంసెట్ రాసి, లెక్కలు ఊపిరిలా అలవాటైనవాళ్ళకి, పదేళ్ళు విడిచిపెట్టిన మనిషి ఎక్కడ తడబడుతుందో కనిపించదు. వాళ్ళని నేను తప్పుపట్టను. నేర్పడం వేరే పని, దానికి వేరే చోటు, వేరే సమయం కావాలి.

అందుకే గది అడుగుతున్నాను. సిలికానాంధ్ర మనబడి వారాంతపు తరగతులని జీతం తీసుకోని వాలంటీర్లతో ఇన్నేళ్ళుగా నడిపిస్తోంది. పిల్లలకి అచ్చులూ హల్లులూ నేర్పడానికి అంతమంది ముందుకొచ్చారంటే, ఆ పిల్లల తల్లులకి వర్గ సమీకరణాలు నేర్పడానికి కొందరైనా రారా? గ్రీన్ కార్డు మీద పిల్లల దగ్గర ఉంటున్న రిటైర్డ్ లెక్కల మాస్టార్లు ఎంతమంది ఉన్నారో మీ సభ్యత్వ జాబితాలు ఒకసారి చూడండి. ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో పాఠం చెప్పిన మనిషి, ఇక్కడ మనవడిని బస్సెక్కించి వచ్చి పగలంతా టీవీ ముందు కూర్చుంటున్నాడు. ఆయన కంటే బాగా ఈ పాఠం చెప్పగలిగినవాళ్ళు నాకు తెలిసి లేరు. కాలేజీలో పరీక్ష ఎలా ఉంటుందో, హోంవర్క్ సాఫ్ట్‌వేర్‌తో ఎలా నెగ్గుకురావాలో మేం చెబుతాం. లెక్క ఆయన చెబుతారు.

ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. మొదట భిన్నాలు, గుర్తులు, ఘాతాంకాలు. వీటికి ఎక్కువ సమయం కావాలి, ఎందుకంటే పై క్లాసుల్లో పోయే మార్కుల్లో చాలా భాగం ఇక్కడే పోతుంది. బ్రాకెట్ ముందున్న మైనస్‌ని రెండో పదానికి వేయడం మరిచిపోతారు. ఎక్స్ ప్లస్ 3 హోల్ స్క్వేర్‌ని ఎక్స్ స్క్వేర్ ప్లస్ 9 అని రాసేసి, మధ్యలో 6 ఎక్స్ వదిలేస్తారు. ఇవి తెలివికి సంబంధించినవి కావు. చేతికి అలవాటు తప్పడం వల్ల వచ్చేవి, కూర్చుని చేస్తే పోతాయి. ఆ తర్వాత కారణాంకాలు, భిన్న సమీకరణాలు, కరణులు, వర్గ సమీకరణాలు. గ్రాఫులు, సంవర్గమానాలు చివర్లో. ప్రతి వారం ఒక మాటల లెక్క ఇంగ్లీషులో చదివి, తెలుగులో మాట్లాడుకుని, మళ్ళీ ఇంగ్లీషులో జవాబు రాయడం. పుస్తకం కొనక్కర్లేదు, రైస్ యూనివర్సిటీ వాళ్ళ ఓపెన్‌స్టాక్స్‌లో ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా పాఠ్యపుస్తకం ఉచితంగా దొరుకుతుంది. దీనికి యూనిట్లు రావు, గ్రేడ్ రాదు, ట్రాన్‌స్క్రిప్ట్‌లో పడదు. ఫెయిలవుతామనే భయం లేకుండా నేర్చుకోవచ్చు. పెద్దవాళ్ళకి కావాల్సింది ముందు అదే.

రెండో విన్నపం కాలిఫోర్నియాలోని సంఘాలకి ప్రత్యేకంగా. కమ్యూనిటీ కాలేజీల బోర్డ్ ఆఫ్ గవర్నర్స్ సమావేశాల్లో ప్రజలు మాట్లాడటానికి సమయం ఇస్తారు. ఎవరైనా వెళ్ళి మాట్లాడొచ్చు. 2023లో చాన్స్‌లర్ బాధ్యతలు తీసుకున్న సోన్యా క్రిస్టియన్ కేరళలో పుట్టి, అక్కడే డిగ్రీ చదివి, ఇక్కడికి వచ్చి బేకర్స్‌ఫీల్డ్ కాలేజీలో లెక్కల అధ్యాపకురాలిగా మొదలుపెట్టినవారు. మన మార్కుల మెమో అంటే ఏమిటో ఆమెకి విడమరిచి చెప్పక్కర్లేదు. చట్టాన్ని వెనక్కి తీసుకోమని అడగొద్దు. వేరే దేశంలో చదివి, చాలా ఏళ్ళ విరామం తర్వాత వచ్చి, తమంతట తాము కోరుకునే పెద్దవాళ్ళకి, రాష్ట్రంలోని 73 కమ్యూనిటీ కాలేజీ డిస్ట్రిక్టుల్లో ఒక్కోదానిలో కనీసం ఒక కాలేజీలోనైనా ఈ కోర్సు ఉంచమని అడుగుదాం. వియత్నాం, మెక్సికో, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళు కూడా మా ల్యాబ్‌లో ఇదే ఇబ్బంది పడుతున్నారు. వాళ్ళ సంఘాలతో కలిసి వెళితే మాట బరువుగా ఉంటుంది. చందాలు పోగుచేసి మహాసభలు అంత ఘనంగా నిర్వహించగలిగిన మనకి, రాష్ట్ర రాజధాని శాక్రమెంటోకి ఒక కారు నిండా మనుషుల్ని పంపడం కష్టమా?

వేరే రాష్ట్రాల సంఘాలు ఇది తమకి సంబంధించింది కాదనుకోవద్దు. ఫ్లోరిడా 2013లోనే రెమెడియల్ క్లాసుల విషయంలో చట్టం చేసింది. టెక్సస్ 2017లో చేసిన చట్టంతో అలాంటి విద్యార్థుల్ని చాలావరకు కోరిక్విజిట్ పద్ధతిలోకి మళ్ళించింది. డల్లాస్ చుట్టుపక్కల ఎన్ని తెలుగు కుటుంబాలున్నాయో మీకే బాగా తెలుసు. అక్కడి కాలేజీల్లో మనవాళ్ళ పరిస్థితి ఏమిటో ఎవరైనా కనుక్కుని చెబితే మేలు.

సంఘం నాయకుల్లో చాలామంది ఐఐటీల నుంచి, ఆర్‌ఈసీల నుంచి వచ్చినవారు. మీ వేదికల మీద పిల్లల మ్యాథ్స్ పోటీలకి బహుమతులిస్తారు, చాలా సంతోషం. ఈసారి ఆ వేదిక మీదికే, నలభై దాటాక కాలేజ్ ఆల్జీబ్రా పాసైన ఒక అమ్మని కూడా పిలవండి. హాల్లో కూర్చున్న పదిమంది ఆడవాళ్ళు మర్నాడే కాలేజీ వెబ్‌సైట్ తెరుస్తారు. నాకు ఆ నమ్మకం ఉంది.

చాలా కాలేజీల్లో ఫాల్ సెమిస్టర్ ఆగస్టు నెలాఖరులో మొదలవుతుంది. జూన్ మొదట్లో గది దొరికితే, సెమిస్టర్ మొదలయ్యేలోపు భిన్నాల నుంచి వర్గ సమీకరణాల దాకా పూర్తిచేయగలం. వేసవిలో తెలుగు తరగతులు ఉండని చోట్ల, లైబ్రరీ గదో గుడి హాలో సంఘం పేరు మీద బుక్ చేసి ఇచ్చినా చాలు, ఎందుకంటే వ్యక్తుల పేరు మీద అడిగితే చాలాచోట్ల ఇవ్వడం లేదు. వైట్‌బోర్డు, మార్కర్లు, ప్రింటవుట్లు మేం తెచ్చుకుంటాం. చిన్నపిల్లలున్న తల్లులు కూడా వస్తారు కాబట్టి, పక్కన పిల్లల్ని చూసుకోవడానికి ఒకరిద్దరు వాలంటీర్లు కావాలి. అది మాత్రం మీరే ఏర్పాటు చేయాలి.

ఇట్లు,
బే ఏరియాలో ఒక కమ్యూనిటీ కాలేజీ మ్యాథ్స్ ట్యూటర్